కుళ్లిన వంకాయ మీద దొరికిన ఫేజ్

మైక్రోబయాలజీ విద్యార్థులందరికీ నమస్కారం. ఫేజ్ అంటే బ్యాక్టీరియాకు సోకే వైరస్. అలాంటి ఒక ఫేజ్ కథ ఇది.

లండన్‌లో 15 ఏళ్ల అమ్మాయి. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుకతో వచ్చే జన్యువ్యాధితో ఊపిరితిత్తులు పాడైపోతే 2017లో రెండూ మార్చారు. కానీ అప్పటికే ఒంట్లో తిష్ఠ వేసిన మైకోబ్యాక్టీరియం అబ్‌సెసస్ అనే బ్యాక్టీరియా పోలేదు. ఇది టీబీ క్రిమికి దాయాది, మందులకు ఒక పట్టాన లొంగదు. పైగా కొత్త ఊపిరితిత్తులను శరీరం తిప్పికొట్టకుండా ఇచ్చే మందులు దానికి కలిసొచ్చాయి. ఆపరేషన్ కోత దగ్గర పుండు, కాలేయంలో ఇన్ఫెక్షన్, చర్మం మీద గడ్డలు. యాంటీబయాటిక్స్ చేతులెత్తేశాయి.

ఆ క్రిమి నమూనా అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఫేజ్ పరిశోధకుడు గ్రేమ్ హాట్‌ఫుల్ దగ్గరికి వెళ్లింది. ఆయన ఫ్రీజర్లలో పది వేలకు పైగా ఫేజ్‌లున్నాయి. చాలావరకు మీలాంటి కాలేజీ పిల్లలు మట్టిలోంచి పట్టినవే. ఏ రోగి కోసమూ కాదు, పాఠం నేర్చుకోవడానికి పట్టారు! వాటిలో ఆమె క్రిమిని సొంతంగా గట్టిగా చంపింది 'మడ్డీ'. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఒక విద్యార్థిని కుళ్లిన వంకాయ అడుగు నుంచి తీసిన ఫేజ్ అది. మరో రెండు ఫేజ్‌లు, జోయీజే, బీపీఎస్, బ్యాక్టీరియాలో దూరి చంపకుండా ఊరుకునే రకం. అలా ఊరుకోబెట్టే జన్యువును తీసేసి వాటినీ చంపే రకంగా మార్చారు. ఒకదాన్ని తప్పించుకున్న క్రిమి ఇంకోదానికి దొరకాలని మూడూ కలిపారు. 2018 జూన్ నుంచి రోజుకు రెండుసార్లు, ఒక్కో ఫేజ్ వంద కోట్ల చొప్పున నరంలోకి ఎక్కించారు. ఆరు నెలల్లో పుండు మానింది, కాలేయం, ఊపిరితిత్తులు కుదుటపడ్డాయి. క్రిమి పూర్తిగా పోలేదు, చికిత్స కొనసాగించాల్సి వచ్చింది.

అదే ఆసుపత్రిలో, అదే జాతి క్రిమితో బాధపడుతున్న ఒక అబ్బాయి నమూనా కూడా పంపారు. అతడికి సరిపడే ఫేజ్ దొరికేలోపే ప్రాణం పోయింది. నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే. ఒకరి క్రిమిని చంపిన ఫేజ్, అదే జాతి అయినా ఇంకొకరి క్రిమిని ముట్టుకోకపోవచ్చు. ఇలాంటి క్రిములున్న 20 మందికి ఫేజ్ చికిత్స చేస్తే 11 మందికి మేలు కనిపించిందని 2023లో హాట్‌ఫుల్ బృందం ప్రచురించింది. కొందరిలో శరీరమే యాంటీబాడీలు తయారుచేసి ఫేజ్‌లను అడ్డుకుంది. సేకరణ ఎంత పెద్దదైతే, రోగికి సరిపడేది దొరికే అవకాశం అంత పెరుగుతుంది.

మీరూ పట్టగలరు. చెంచాడు మట్టిని బఫర్‌లో (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణం) కలిపి, 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, స్మెగ్మాటిస్ (సాధారణంగా హాని చేయని మైకోబ్యాక్టీరియం) బ్యాక్టీరియాతో కలిపి అగర్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) మీద పోయండి. ఒకటి రెండు రోజుల్లో తెల్లటి పొర మధ్య గుండ్రటి ఖాళీలు కనిపిస్తే, అక్కడ ఫేజ్ ఉన్నట్టే. దాన్ని తీసి మళ్లీ పెంచండి. దొరికిన చోటు, తేదీ తప్పకుండా రాయండి. కల్చర్ మన ల్యాబులో సిద్ధంగా ఉంది, రేపు వచ్చేటప్పుడు మట్టి తెచ్చుకోండి.