ఎంత సంపాదిస్తే ధనవంతులు? ముందు ఈ లెక్క వేసి చూడండి

నమస్కారం అండీ. నెలకు ఎంత వస్తే ధనవంతులం అనుకోవచ్చు? దీనికి జవాబు చెప్పాలంటే ముందు ఇంట్లో ఎంతమంది ఉన్నారో తెలియాలి. పెన్ను, కాగితం తీసుకోండి, కలిసి లెక్క వేద్దాం.

పన్నులు, కోతలు పోగా ఇంట్లో అందరికీ కలిపి చేతికొచ్చే మొత్తం రాయండి. దాన్ని మనుషుల సంఖ్యతో కాకుండా, ఆ సంఖ్య వర్గమూలంతో భాగించండి. అంటే నలుగురుంటే 2తో, తొమ్మిది మంది ఉంటే 3తో. నలుగురున్నంత మాత్రాన నాలుగు అద్దెలు కట్టం కదా, అందుకే ఇలా. ఓఈసీడీ, అంటే ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఆర్థిక సహకార సంస్థ కూడా దేశాల ఆదాయాలు పోల్చేటప్పుడు ఈ పద్ధతి వాడుతుంది. స్క్రీన్ మీద చూడండి: ఒంటరిగా ఉండే మనిషికి 40 వేలు, నలుగురున్న ఇంటికి 70 వేలు. రెండుతో భాగిస్తే ఆ ఇంటి లెక్క 35 వేలే!

ఇప్పుడు మీ దేశంలో ఇదే పద్ధతిలో కట్టిన మధ్యస్థ ఆదాయం చూడండి. అందరినీ ఆదాయం ప్రకారం వరసలో నిలబెడితే నట్టనడుమ ఉన్నవారిది అన్నమాట. సగటు తీసుకోకండి, కొద్దిమంది కోటీశ్వరులు దాన్ని పైకి లాగేస్తారు. 2019 నాటి ఓఈసీడీ నివేదిక ప్రకారం మధ్యస్థంలో 75 శాతం నుంచి 200 శాతం దాకా మధ్యతరగతి. రెట్టింపు దాటితే పై ఆదాయ వర్గం.

కానీ ఆ వర్గంలో ఉండి కూడా నెలాఖరుకు టెన్షన్ పడేవాళ్లున్నారు. అందుకే నాకు అసలు లెక్క ఇది అనిపిస్తుంది. జీతం ఆగినా ఆగని ఖర్చులు రాయండి: అద్దె, ఈఎంఐలు, తిండి, కరెంటు, మందులు. బీమా, స్కూలు ఫీజుల్లాంటివి ఏడాదికోసారి వస్తాయి కాబట్టి 12తో భాగించి కలపండి. చాలా బడ్జెట్లు దెబ్బతినేది ఇక్కడే. ఆ నెల రాగానే అప్పు చేయాల్సి వస్తుంది, తర్వాతి నెలలన్నీ దాన్ని తీర్చడానికే పోతాయి.

చివరగా, వెంటనే తీసుకోగలిగే పొదుపును ఈ నెలఖర్చుతో భాగించండి. జీతం లేకుండా ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుందో తెలుస్తుంది. మూడు కంటే తక్కువ వస్తే, ఆదాయం ఏ వర్గంలో ఉన్నా సరే, కొత్త ఈఎంఐ ఏదీ పెట్టుకోకండి.