ప్రీయాంప్‌కి ఎంత గెయిన్ చాలు?

అందరికీ నమస్కారం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం (ఐఎస్‌ఎస్) నుంచి 145.800 మెగాహెర్ట్జ్ మీద వచ్చే మాట సరిగ్గా వినబడకపోతే చాలామంది ముందు వెతికేది ఎక్కువ గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచుతుందనే లెక్క) ఉన్న ప్రీయాంప్ కోసం, అంటే రిసీవర్ కంటే ముందే సిగ్నల్‌ని పెంచే చిన్న యాంప్లిఫయర్ కోసం. అసలు చూడాల్సింది దాన్ని ఎక్కడ బిగిస్తున్నాం, దాని ముందు ఏం పెడుతున్నాం అన్నది.

ఒక లెక్క వేద్దాం. డాబా మీది యాంటెన్నా నుంచి గదిలోకి 20 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్ దింపితే 145 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 4 డీబీ (డెసిబెల్; 10 డీబీ అంటే పవర్‌లో పది రెట్లు) పోతుంది. రిసీవర్ నాయిస్ ఫిగర్ (తన సొంత నాయిస్‌తో సిగ్నల్‌ని ఎంత చెడగొడుతుందనే కొలత) 6 డీబీ అనుకుంటే రెండూ కలిసి 10 డీబీ, అంటే నాయిస్ ఫ్యాక్టర్ (అదే కొలత రెట్లలో) 10. ఇప్పుడు 0.8 డీబీ నాయిస్ ఫిగర్, 20 డీబీ గెయిన్ ఉన్న ప్రీయాంప్‌ని యాంటెన్నా మొదట్లోనే బిగించాం. 1944లో ఫ్రిస్ అనే ఇంజినీరు ఇచ్చిన సూత్రం ప్రకారం ప్రీయాంప్ నాయిస్ ఫ్యాక్టర్ 1.2కి, వెనక ఉన్నవాటి 10లోంచి 1 తీసి గెయిన్ 100 రెట్లతో భాగిస్తే వచ్చే 9/100 కలిపితే 1.29. డీబీల్లో 1.1. అదే బోర్డుని గదిలో రిసీవర్ పక్కన పెడితే మొత్తం 4.9 డీబీ! కేబుల్ తినేసిన సిగ్నల్‌ని ఏ ప్రీయాంపూ వెనక్కి తేలేదు.

సరే, డాబా మీదే ఉంచి గెయిన్‌ని 30 డీబీ చేశాం. 1.1 కాస్తా 0.8 అవుతుంది. ఈ 0.3 డీబీ కోసం రిసీవర్‌లోకి వెళ్లే ప్రతి బలమైన స్టేషన్‌నీ 10 డీబీ పెంచాం. రిసీవర్‌లో పుట్టే థర్డ్ ఆర్డర్ ఇంటర్‌మాడ్ (రెండు బలమైన సిగ్నళ్లు కలిసి, ఒకదాని ఫ్రీక్వెన్సీ రెట్టింపులోంచి రెండోది తీసేసిన చోట పుట్టించే దొంగ సిగ్నల్) 30 డీబీ పెరుగుతుంది. నన్నడిగితే ఇది నష్టం బేరమే.

హైదరాబాద్ లాంటి ఊళ్లో 88–108 మెగాహెర్ట్జ్ ఎఫ్‌ఎం స్టేషన్లే పెద్ద బెడద. వాటిలో వాటికి పుట్టే థర్డ్ ఆర్డర్ 128 దాటి రాదు కాబట్టి మన 145 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో నేరుగా పడదు. కానీ విమానాల 125, ఎఫ్‌ఎం 105 కలిస్తే? 250లోంచి 105 తీసేయండి, సరిగ్గా 145. పైగా ఆ బలానికి యాంప్లిఫయర్ కంప్రెస్ అయితే (ఇక పెంచలేక చేతులెత్తేస్తే) మనకు కావాల్సిన సిగ్నలే అణిగిపోతుంది. బజారులో దొరికే ఎస్‌పీఎఫ్5189జెడ్ చిప్ ఉన్న ప్రీయాంప్ బోర్డు 50 నుంచి 4000 మెగాహెర్ట్జ్ దాకా అన్నిటినీ పెంచుతుంది. ముందు ఫిల్టర్ లేకుండా దాన్ని యాంటెన్నాకి తగిలించకండి.

అయితే ముందు పెట్టిన ఫిల్టర్ నష్టం ఎంతైతే అంతా నేరుగా నాయిస్ ఫిగర్‌కి కలుస్తుంది. ఇక్కడే కాయిల్ నాణ్యత తేలుతుంది. గాలి కాయిల్ అన్‌లోడెడ్ క్యూ (కాయిల్ సొంత నాణ్యత సంఖ్య) 200 ఉందనుకోండి. లోడెడ్ క్యూ (సర్క్యూట్‌లో పెట్టాక ఫిల్టర్ ఎంత సన్నగా ఉందనే సంఖ్య) 10 పెట్టుకుంటే నష్టం 0.45 డీబీ, 100 మెగాహెర్ట్జ్ దగ్గర అణచివేత 17 డీబీ పైనే. ఇంకా సన్నగా చేద్దామని లోడెడ్ క్యూ 40కి తీసుకెళ్తే నష్టం 1.9 డీబీ, తెచ్చుకున్న లాభంలో అంత మేర ఆవిరి. అంత సన్నగా కావాలంటే అన్‌లోడెడ్ క్యూ 1000 ఉండే హెలికల్ రెజొనేటర్ (లోహపు డబ్బాలో కాయిల్ పెట్టి చేసే ఫిల్టర్) కట్టుకోవాలి, అప్పుడు 0.35 డీబీతో సరిపోతుంది. లేదంటే ఆ సన్న ఫిల్టర్‌ని ప్రీయాంప్ తర్వాత పెట్టండి. అక్కడ 2 డీబీ పోయినా మొత్తం మీద 0.2 డీబీయే తేడా. కాకపోతే అది రిసీవర్‌ని కాపాడుతుంది గానీ ప్రీయాంప్‌ని కాదు.

ప్రీయాంప్ అవుట్‌పుట్‌లో 3 డీబీ ప్యాడ్ (సిగ్నల్‌ని తగ్గించే రెసిస్టర్ల గుంపు) కూడా మంచిదే: వరుసలో 18 ఓమ్‌లు, రెండు పక్కలా గ్రౌండ్‌కి 300 ఓమ్‌లు. ఫిల్టర్ తన బ్యాండ్ బయట చూపించే వింత ఇంపీడెన్స్ వల్ల యాంప్లిఫయర్ ఆసిలేట్ అయ్యే (తనంతట తానే సిగ్నల్ పుట్టించే) ప్రమాదం దీనితో తగ్గుతుంది. డబ్బా మీద చెయ్యి పెడితే నాయిస్ మారుతోందంటే అనుమానించాల్సింది ఆసిలేషన్‌నే.

గెయిన్ సరిపోయిందో లేదో తేల్చుకోవడం సులువు. రిసీవర్‌ని ఎస్‌ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్) మోడ్‌లో పెట్టి ఏజీసీ (గెయిన్‌ని దానంతటదే సరిచేసే ఏర్పాటు) ఆపండి. యాంటెన్నా బదులు 50 ఓమ్ లోడ్ తగిలించి, ఆడియో అవుట్‌పుట్‌కి మల్టీమీటర్‌ని ఏసీ రేంజిలో పెట్టండి. బైపాస్ (ప్రీయాంప్‌ని పక్కకు తప్పించే దారి) నుంచి ప్రీయాంప్‌కి మార్చినప్పుడు వోల్టేజి సుమారు మూడు రెట్లయితే, అంటే 10 డీబీ పెరిగితే, చాలు. అంతకు మించి ఎక్కువుంటే ప్యాడ్‌తో తగ్గించండి.

ఇక వినబడుతున్న స్టేషన్ అసలుదా, ఇంటర్‌మాడా? ప్రీయాంప్ ముందు 6 డీబీ అటెన్యుయేటర్ పెట్టండి. అసలుదైతే 6 డీబీ తగ్గుతుంది, థర్డ్ ఆర్డర్ ఇంటర్‌మాడ్ అయితే 18 డీబీ పడిపోతుంది.

ట్రాన్స్‌మిట్ కూడా చేసేవాళ్లకు ఒక్క మాట: బైపాస్ రిలే పూర్తిగా మారాకే ఆర్‌ఎఫ్ బయల్దేరేలా సీక్వెన్సర్ (ఒకదాని తర్వాత ఒకటి వరుసగా ఆన్ చేసే సర్క్యూట్) పెట్టుకోండి. రిలే కాంటాక్టులు కదలడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది, డివైస్ కాలిపోవడానికి అంతసేపు అక్కర్లేదు.