సమ్మతి గురించి జ్యూరీకి జడ్జి ఏం చెప్పాలి?

సభకు నమస్కారం.

మన దేశంలో జ్యూరీ పోయి అర్ధ శతాబ్దం దాటింది. ఇక్కడ జడ్జి ఏ సాక్షిని ఎందుకు నమ్మారో తీర్పులో రాస్తారు. ఆ కారణాలను పట్టుకునే పై కోర్టుకు వెళతాం. ఇంగ్లండ్‌లో అత్యాచార కేసును జ్యూరీ, అంటే 12 మంది మామూలు పౌరులు, తేలుస్తారు. దోషి అనో, కాదనో చెప్పి ఇళ్లకు వెళ్లిపోతారు. కారణాలు చెప్పరు. లోపల ఏం మాట్లాడుకున్నారో బయటపెడితే నేరం కూడా. కాబట్టి ఇలాంటి కేసుల్లో అప్పీలు చాలాసార్లు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: చట్టాన్ని జడ్జి జ్యూరీకి ఎలా వివరించారు?

1975 నాటి మోర్గన్ కేసు చూడండి. వైమానిక దళంలో పనిచేసే ఒక భర్త ముగ్గురు సహోద్యోగులను ఇంటికి తీసుకొచ్చాడు. వాళ్లు అతని భార్యపై అత్యాచారం చేశారు. తన భార్య పెనుగులాడినా అది ఆమెకు ఇష్టమేనని అతను తమతో చెప్పాడని ఆ ముగ్గురూ వాదించారు. ఆమె గింజుకుంది. పోలీసులను పిలవమని పిల్లలకు కేకలు పెట్టింది. సమ్మతి ఉందని నమ్మామంటే చాలదు, ఆ నమ్మకానికి సహేతుకమైన ఆధారం ఉండాలని జడ్జి జ్యూరీకి చెప్పారు. అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ 3-2 తేడాతో అది తప్పన్నది. ఎంత అసంబద్ధమైనదైనా నిజమైన నమ్మకం ఉంటే అది అత్యాచారం కాదన్నది. అయినా వాళ్ల అప్పీళ్లు కొట్టేసింది. సరిగ్గా చెప్పినా ఏ జ్యూరీ వాళ్ల కథ నమ్మేది కాదని కారణం చూపింది.

ఆ నలుగురూ తప్పించుకోలేదు, కానీ ఆ సూత్రం మిగిలిపోయింది. నన్ను బాధపెట్టేది అదే. 1976లో పార్లమెంటు సగం దిద్దింది: నమ్మకానికి సహేతుకమైన ఆధారం ఉందా లేదా అన్నది జ్యూరీ పరిగణనలోకి తీసుకోవాలని మాత్రమే చెప్పింది. నమ్మకం సహేతుకంగా ఉండి తీరాలన్న నియమం 2003 లైంగిక నేరాల చట్టంతో వచ్చి, 2004 మేలో అమల్లోకి వచ్చింది. దాదాపు మూడు దశాబ్దాల పాటు ఒక స్త్రీ కేకలకంటే మగవాడి ఊహకే చట్టంలో ఎక్కువ విలువ దక్కింది.

2003 చట్టం సమ్మతికి నిర్వచనం కూడా ఇచ్చింది: తన ఇష్టంతో ఒప్పుకోవడం, ఆ ఎంపికకు స్వేచ్ఛ, సామర్థ్యం ఉండటం. ఈ సామర్థ్యం దగ్గరే 2007లో బ్రీ కేసు వచ్చింది. 19 ఏళ్ల విద్యార్థిని బాగా తాగి ఉంది. జ్ఞాపకాలు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. ఆమె స్పృహలో లేదు కాబట్టి సామర్థ్యం లేదని మొదలుపెట్టిన ప్రాసిక్యూషన్, విచారణ మధ్యలో సామర్థ్యం ఉన్నా ఆమె ఒప్పుకోలేదు, మత్తు వల్ల గట్టిగా ప్రతిఘటించలేకపోయిందన్న వాదనకు మారింది. మద్యం సామర్థ్యాన్ని ఎలా దెబ్బతీస్తుందో జడ్జి జ్యూరీకి తగినంత వివరించలేదు. దోషి అన్న జ్యూరీ తీర్పును అప్పీలు కోర్టు రద్దు చేసింది.

అప్పీలు కోర్టు తీర్పును నేను సమర్థిస్తాను. తాగి ఇచ్చిన సమ్మతి కూడా సమ్మతేనని చెబుతూనే, పూర్తిగా స్పృహ కోల్పోవడానికి చాలా ముందే సామర్థ్యం పోవచ్చని కూడా కోర్టు చెప్పింది. మొదటిది ముద్దాయికి రక్ష. రెండోది ఫిర్యాదు చేసిన స్త్రీకి రక్ష. ఆ జ్యూరీ రెండూ విని ఉండాల్సింది. వినకుండా ఇచ్చిన తీర్పు నిలబడలేదు, ఆ నష్టం ఆమెదీ.

ఇది మనకు దూరపు విషయం కాదు. 13వ ఏట తర్వాత అక్కడ అయిదేళ్లు నివసించి, ఓటరు జాబితాలో పేరున్న తెలుగువారికి, భారత పౌరసత్వం వదులుకోకపోయినా, జ్యూరీ పిలుపు రావచ్చు. ఇప్పుడు జడ్జీలు చట్టాన్ని వివరించే నిర్దేశాలను చాలా కేసుల్లో ప్రశ్నల వరుసగా కాగితం మీద రాసి ఇస్తున్నారు. ఏ ప్రశ్న అర్థం కాకపోయినా చీటీ రాసి జడ్జిని అడగవచ్చు. ఆ చీటీ రాయడానికి మొహమాటపడకండి.