గ్రాఫిక్స్ కార్డు మార్చాక కంప్యూటర్ స్టార్టింగ్‌లోనే హ్యాంగ్ అవుతోందా? ఫార్మాట్ కొట్టేముందు ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటిచ్చే డబ్బా) చూడండి | పర్లాకిమిడి వ్లాగ్

హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు? ఈ వీడియో టొరంటో నుంచి కాదు, పర్లాకిమిడి నుంచి. సెలవులకి మా అక్కావాళ్లింటికి వచ్చాను. ఊరు చూపించే వీడియో వేరేగా పెడతాను, రాజుగారి కోట, మహేంద్రతనయ ఒడ్డు అన్నీ తీశాను. కానీ ముందు ఇది చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి సమస్య వచ్చిన ప్రతిసారీ మనవాళ్లకి దొరికే సలహా ఒక్కటే, విండోస్ ఫార్మాట్ కొట్టేయండి అని. దాంతో ఉన్న ఫోటోలూ ఫైళ్లూ పోతాయి, సమస్య మాత్రం అక్కడే ఉంటుంది.

మా బావకి ఇక్కడ ఫోటో స్టూడియో ఉంది. 1936లో ఒడిశా వేరుపడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పక్కనే ఉన్న పాతపట్నం మన తెలుగు వైపే ఉండిపోయింది, కానీ పెళ్లి సంబంధాలకి ఆ గీత ఎప్పుడూ అడ్డు రాలేదు. అందుకే బావ ఒక వారం తెలుగు పెళ్లి తీస్తే ఇంకో వారం ఒడియా పెళ్లి తీస్తాడు, కొన్నిటికైతే టైటిల్స్ రెండు లిపుల్లోనూ వేయాలి. ఈమధ్య అందరూ ఫోర్‌కే వీడియోనే కావాలంటున్నారు. కంప్యూటర్‌లో ఉన్నదేమో జీటీ 710, 19 వాట్లతో నడిచే చిన్న గ్రాఫిక్స్ కార్డు, మానిటర్‌కి బొమ్మ చూపించడానికి సరిపోతుంది తప్ప ఎడిటింగ్ బరువు మోయలేదు. అందుకని మా అక్క కొడుకు తెలిసినవాళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్‌లో జీటీఎక్స్ 1660 సూపర్ తెచ్చి వాడే బిగించాడు. మంచి కార్డే, 6 జీబీ మెమరీ ఉంది, పైగా వీడియో ఎక్స్‌పోర్ట్ బాగా వేగంగా చేస్తుంది.

బిగించిన దగ్గర్నుంచీ కంప్యూటర్ మొండికేసింది. స్విచ్ వేస్తే మదర్‌బోర్డు లోగో వస్తుంది, కింద విండోస్ చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి, కాసేపటికి ఆ చుక్కలు తిరుగుతూ తిరుగుతూ మధ్యలో బిగుసుకుపోతాయి. ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. కీబోర్డు మీద నమ్ లాక్ నొక్కి చూశాను, లైటు ఆరట్లేదు, వెలగట్లేదు. ఇది మీరు కూడా చేయొచ్చు. నమ్ లాక్ లైటు మారుతోందంటే లోపల విండోస్ ఇంకా బతికే ఉంది, బొమ్మ ఒక్కటే రావట్లేదని. అది కూడా మారకపోతే మొత్తం హ్యాంగే.

"ఏటమ్మా ఇది, ఎల్లుండి పెళ్లివారొస్తారు, పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాలి" అని బావకి ఒకటే టెన్షన్. ఫోన్‌లో అడిగితే రిపేరు అతను ఫార్మాట్ కొట్టాలన్నాడట. నేను వద్దంటే వద్దన్నాను. డీ డ్రైవ్‌లో ఆ పెళ్లి మొత్తం ఉంది, ఇంకెక్కడా కాపీ లేదు. ఒకళ్ల జీవితంలో ఒక్కసారి జరిగే ముహూర్తం అది, మళ్లీ తీయలేం కదా. అందుకే మొట్టమొదట కొత్త కార్డు తీసేసి, మానిటర్ కేబుల్ నేరుగా మదర్‌బోర్డుకి పెట్టాం. ప్రాసెసర్‌లోనే చిన్న గ్రాఫిక్స్ ఉంది కాబట్టి విండోస్ చక్కగా వచ్చింది. వెంటనే ఫుటేజ్ అంతా బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేశాం. మీరు కూడా ఏ రిపేరు మొదలుపెట్టినా ముందు ఈ పని చేయండి, తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకోండి.

తర్వాత కార్డు మళ్లీ పెట్టి సేఫ్ మోడ్‌లోకి, అంటే విండోస్ తప్పనిసరివాటితో మాత్రమే నడిచే పద్ధతిలోకి, వెళ్లాం. విండోస్ లోడ్ అవుతుండగా వరసగా కొన్నిసార్లు పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేస్తే రిపేర్ స్క్రీన్ దానంతటదే వస్తుంది, అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్ అయ్యాక 4 నొక్కాలి. సేఫ్ మోడ్‌లో హాయిగా నడిచింది. "చూశావా పిన్నీ, డ్రైవర్ గొడవే" అన్నాడు వాడు, అంటే కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్‌దే తప్పని. ఎవరైనా అలాగే అనుకుంటారు, అది పరీక్షించాల్సిందే కూడా. ఇంటర్నెట్ వైరు పీకేసి, లేకపోతే విండోసే మధ్యలో తనకి నచ్చిన డ్రైవర్ తెచ్చి వేసేస్తుంది, డీడీయూ అనే ప్రోగ్రామ్‌తో పాత డ్రైవర్ ఆనవాళ్లన్నీ తుడిచేశాం. మామూలుగా విండోస్ వచ్చింది, తక్కువ రెజల్యూషన్‌తోనే అనుకోండి, అయినా వచ్చింది. కొత్త డ్రైవర్ ఇన్‌స్టాల్ చేస్తుంటే సగంలో స్క్రీన్ ఒకసారి నల్లబడింది, అంతే, మళ్లీ బిగుసుకుపోయింది.

ఇక్కడే ఆగి ఆలోచించాలండీ. సేఫ్ మోడ్‌లో విండోస్ ఈ కార్డుని మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్‌గా వాడుకుంటుంది, అంటే కార్డు దాదాపు నిద్రలో ఉంటుంది, కరెంటు చాలా తక్కువ తీసుకుంటుంది. అసలు డ్రైవర్ లోడ్ అయినప్పుడే కార్డు నిద్ర లేచి తన వేగానికి వస్తుంది, అప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. ఇంట్లో మిక్సీ వేయగానే బల్బు మసకబారినట్టు, ఎస్‌ఎంపీఎస్ బలహీనంగా ఉంటే సరిగ్గా ఆ క్షణంలోనే వోల్టేజ్ పడిపోతుంది. బయటికి చూస్తే మాత్రం అచ్చంగా డ్రైవర్ సమస్యలాగే కనిపిస్తుంది. సేఫ్ మోడ్‌లో నడిచిందని కరెంటు వైపు చూడకుండా వదిలేయకూడదు, ఈ వీడియో చేయడానికి అసలు కారణం ఇదే.

క్యాబినెట్ పక్క డోరు తీసి, ఎస్‌ఎంపీఎస్ మీద స్టిక్కర్ టార్చి వేసి చదివాం. పెద్ద అక్షరాలతో 450 వాట్స్ అని ఉంది. దాన్ని పట్టించుకోకండి, కింద చిన్న పట్టిక ఉంటుంది, అందులో 12 వోల్టుల గడి చూడండి. ఇక్కడ 16 ఆంపియర్లు అని ఉంది. పన్నెండు పదహార్లు 192, అంటే అసలు బరువు మోసే లైనులో ఉన్నది 192 వాట్లే. 1660 సూపర్‌కి 125 వాట్లు కావాలి, ప్రాసెసర్‌కి 65, రెండు హార్డ్ డిస్కులు, ఫ్యాన్లు. ఇంకేం మిగిలింది?

దానికి తోడు ఇంకోటి. కార్డుకి 8 పిన్నుల పవర్ ప్లగ్గు కావాలి, ఈ ఎస్‌ఎంపీఎస్‌కి అది లేనే లేదు. కార్డుతోపాటు వచ్చిన కన్వర్టర్ కేబుల్ వాడారు, ఒక చివర రెండు సాటా ప్లగ్గులు, రెండో చివర 8 పిన్నులు. హార్డ్ డిస్క్‌కి కరెంటిచ్చే సాటా ప్లగ్గు 12 వోల్టుల దగ్గర నాలుగున్నర ఆంపియర్లు, అంటే 54 వాట్లు మోయగలదు. 8 పిన్నుల ప్లగ్గు స్టాండర్డ్ ప్రకారం 150 వాట్ల దాకా ఇవ్వాలి. పైగా ఆ రెండు సాటా ప్లగ్గులూ ఒకే సన్న వైరు మీద ఉన్నాయి. కెమెరా దగ్గరగా పెడుతున్నాను, చూడండి, నల్ల ప్లాస్టిక్ అంచు గోధుమ రంగులోకి తిరిగింది, ముక్కు దగ్గర పెడితే మాడిన వాసన. ఇలాంటి వైర్లు కరిగిపోయి నిప్పంటుకునే ప్రమాదం ఉంది, కంప్యూటర్ ఆన్ చేసి భోజనానికి వెళ్లే ఇళ్లలో ఇది ఎంత భయమో ఆలోచించండి.

అనుమానం తీర్చుకోడానికి పక్క షాపు ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్ అడిగి తెచ్చాం. ఖాళీగా ఉన్న పాత తరహా నాలుగు పిన్నుల ప్లగ్గులో పసుపు వైరుకి ఎర్ర కొన, నల్ల వైరుకి నల్ల కొన. 12 వోల్టుల లైను 11.4 కంటే కిందికి రాకూడదు, 12.6 దాటకూడదు, అది నియమం. లోగో వచ్చినప్పుడు 11.8 చూపించింది. చుక్కలు తిరగడం మొదలైంది, 11.6, 11.3, 11.1, చుక్కలు ఆగిపోయాయి. పక్కనున్న బావ కూడా "దొరికింది" అని అరిచాడు. ఒక్క మాట, కొనలు ఒకదానికొకటి తగలకుండా జాగ్రత్త, ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎవరూ విప్పొద్దు, ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

శ్రీకాకుళం నుంచి వస్తున్న మా చుట్టాలబ్బాయి చేత 550 వాట్ల, 80 ప్లస్ బ్రాంజ్ రేటింగ్ ఉన్న ఎస్‌ఎంపీఎస్ తెప్పించాం. 12 వోల్టుల గడిలో 40 ఆంపియర్లు దాటి ఉంది, గ్రాఫిక్స్ కార్డుకి సొంత కేబుల్ ఉంది. బిగించి స్విచ్ వేస్తే మీటరు 12.1 దగ్గర కదలకుండా నిలబడింది, విండోస్ వచ్చేసింది, డ్రైవర్ కూడా ఏ గొడవా లేకుండా ఎక్కింది. ఆ రాత్రే పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టాడు బావ.

మీకు అసలు లోగో కూడా రాకపోతే అది వేరే దారి. కార్డు స్లాట్‌లో పూర్తిగా కూర్చుందా, మానిటర్ కేబుల్ కొత్త కార్డుకే పెట్టారా, మదర్‌బోర్డులో ఉండే స్టార్టింగ్ ప్రోగ్రామ్ బయోస్ మరీ పాతదా, ఇవి చూడండి. ఎన్విడియా 900, 1000 సిరీస్ కార్డులైతే ఇంకో విషయం, డిస్‌ప్లేపోర్ట్ 1.3, 1.4 మానిటర్లతో కొన్ని బూట్‌లోనే హ్యాంగ్ అయ్యేవి, దానికి 2018లో కంపెనీ ఫర్మ్‌వేర్ (కార్డు లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్ ఇచ్చింది. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో పెట్టి చూస్తే అదేనా కాదా తెలిసిపోతుంది.

ఆ కన్వర్టర్ కేబుల్ "ఉండనీ పిన్నీ, ఎప్పుడైనా పనికొస్తుంది" అని వాడు డ్రాయర్‌లో వేయబోయాడు. నేనే కత్తెర తెచ్చి మధ్యకి కత్తిరించి పారేశాను.