పుస్తకం ఏరుకోవాల్సింది పిల్లలే

నమస్కారం అండీ. వేసవి సెలవులు మొదలైతే చాలు, నాకు ఒకటే మాట వినిపిస్తుంది. "లైబ్రరీకి తీసుకెళ్లామండీ, మావాడు పుస్తకం ముట్టుకోలేదు. వాడికి చదవడం ఇష్టం లేదు." ఇది విన్న ప్రతిసారీ బాధేస్తుంది. ఆ పుస్తకం ఎవరు తీసిచ్చారని అడిగితే, "నేనే" అంటారు!

ఒక్కసారి మామిడిపండ్ల బండి దగ్గర మీరేం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. పండు చేతిలోకి తీసుకుంటారు. తొడిమ దగ్గర వాసన చూస్తారు. మెల్లగా నొక్కుతారు. నచ్చకపోతే పక్కన పెట్టి ఇంకోటి తీస్తారు. బండివాడే ఏరి సంచిలో వేస్తానంటే ఒప్పుకుంటారా? మరి పిల్లల్ని అలమర దగ్గర ఐదు నిమిషాలు కూడా నిలబడనివ్వం. "అది కాదు, ఈ నీతికథలు తీసుకో" అంటాం.

పండ్లలోనూ తేడాలున్నాయి కదా. బంగినపల్లి ముక్కలు కోసుకుని తింటాం, రసాలైతే పిసికి జుర్రుకుంటాం. బొమ్మల కథలు చదివే పిల్లలు రసాలు జుర్రుకుంటున్నట్టే. అదీ చదవడమే. సగం చదివి వదిలేశారా? పులుపు తగిలింది, వదిలేశారు. ఇంకోటి తీసుకుంటారు. ఇక పుస్తకం మూయగానే "నీతి ఏంటి? ఐదు వాక్యాలు రాయి" అని మాత్రం దయచేసి అడగకండి. పండు తిన్న పిల్లాణ్ని టెంక బరువెంతో చెప్పమని అడగం కదా!

ఎస్.ఆర్.రంగనాథన్ లెక్కల మాస్టారుగా ఉండి, తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్ అయ్యారు. 1931లో ఆయన గ్రంథాలయాలకు ఐదు సూత్రాలు రాశారు. రెండోది నాకు చాలా ఇష్టం: ప్రతి పాఠకుడికీ తన పుస్తకం. తన పుస్తకం అన్నారు చూడండి, అమ్మానాన్నలకు నచ్చిన పుస్తకం అనలేదు.

మరి అన్ని అలమరల్లో వాళ్ల పండు దొరికేదెలా? పుస్తకం వీపు మీద ఒక నంబరు ఉంటుంది. విషయానికో నంబరు ఇచ్చే డ్యూయీ పద్ధతిలో సర్దిన లైబ్రరీ అయితే 520 దగ్గర నక్షత్రాలు, గ్రహాలు ఉంటాయి. 590 దగ్గర జంతువులు. పాములంటే పిచ్చి ఉన్న పిల్లకి ఆ 590 ఒక్కటి చెప్పి వదిలేయండి. తనే వెతుక్కుంటుంది. ఆ వెతుకులాటే సగం సరదా.

"అక్కడంతా గ్రూప్స్‌కి చదివేవాళ్లేనండీ, పిల్లలకు ఏముంటుంది?" అని కూడా అంటారు. హైదరాబాద్‌లోని చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు నిండిపోతారు, నిజమే. వాళ్లకు అది అవసరం కూడా. కానీ లైబ్రరీ పిల్లలది కూడా. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. అంటే బండి మీది పండ్లకు డబ్బు ముందే ఇచ్చేశాం, తెచ్చుకోవడమే మిగిలింది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ముందు మీ పేటలో ఉన్న శాఖా గ్రంథాలయానికే వెళ్లండి, నడిచి వెళ్లేంత దూరమైతే పిల్లలు మళ్లీ మళ్లీ వెళ్తారు. పిల్లల పుస్తకాలు ఎక్కడున్నాయో లైబ్రేరియన్‌ను పిల్లలనే అడగనివ్వండి. సభ్యత్వానికి ఏ కాగితాలు కావాలో, డిపాజిట్ ఎంతో, సెలవు ఏ రోజో మొదటిసారే కనుక్కోండి. తిరిగి ఇచ్చే తేదీని క్యాలెండర్ మీద పిల్లలతోనే రాయించండి. అలవాటు పడ్డాక ఒకరోజు అఫ్జల్‌గంజ్ తీసుకెళ్లండి. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం మూసీ ఒడ్డున ఉంది, ఆ భవనం చూస్తేనే పిల్లలు నోరు తెరుస్తారు. అక్కడి నుంచి సుల్తాన్‌బజార్ దగ్గరే. 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అక్కడుంది, అదీ చూపించండి. ఎండ ముదరకముందే బయల్దేరండి, నీళ్ల సీసా మరిచిపోకండి. ఉంటానండీ.