బోదకాలు బిళ్ల వెనుక మనుషులు

వేదిక మీది పెద్దలకు, పూర్వ విద్యార్థులకు, ఈ ఏడాది కొత్తగా చేరిన పిల్లలకు నమస్కారం.

బైపీసీ చదివి, నీట్‌లో ర్యాంకు రాక, ఒకటి రెండేళ్లు లాంగ్ టర్మ్‌లో కూర్చుని, చివరికి ఫార్మసీలోనో నర్సింగ్‌లోనో ల్యాబ్ టెక్నాలజీలోనో చేరినవారు మీలో చాలామందే ఉంటారు. 'డాక్టరు కాలేకపోయాను సార్' అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు బోదకాలు బిళ్ల గుర్తుకొస్తుంది.

ఆ బిళ్ల, అంటే డైఇథైల్ కార్బమజిన్, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారైంది. మద్రాసులో వైద్యం చదివిన ఆయనకు ఎంబీబీఎస్ దక్కలేదు, అంతకన్నా తక్కువ స్థాయి పట్టా అయిన ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆయన కట్టిన ఖద్దరు సర్జరీ ప్రొఫెసరుకు కంటగింపైందని చెబుతారు. బోస్టన్ వెళ్లాక పొట్ట గడవడానికి ఆసుపత్రిలో పోర్టరుగా పనిచేశారు. 1925లో హార్వర్డ్ జీవరసాయన శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి ఆయన ప్రకటించిన భాస్వరం కొలిచే పద్ధతినే నేను ఉద్యోగ జీవితమంతా ల్యాబులో నేర్పాను. రక్తంలోని ప్రోటీన్లను వడకట్టి, ఆమ్ల మాలిబ్డేట్ కలిపి, రిడ్యూసింగ్ ద్రావణం వేయగానే పరీక్షనాళికలో నీలిరంగు తేలుతుంది. భాస్వరం ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కన.

మందు పుట్టినంత మాత్రాన రోగం పోదు. మన ప్రాంతంలో బోదకాలు పురుగు పిల్లలు పగలు లోపలి రక్తనాళాల్లో దాగి, రాత్రిళ్లు చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. అందుకే అందరూ భోంచేసి పడుకునే వేళకు ల్యాబ్ టెక్నీషియన్లు స్లైడ్లు, సూదులు పట్టుకుని వీధిలోకి దిగుతారు. కుక్కలు మొరుగుతుంటే తలుపు తట్టి, నిద్రమత్తులో విసుక్కునే తాతను బతిమాలి, వేలు గుచ్చి రక్తం తీస్తారు. (ఆ తాత తిట్లు సిలబస్‌లో లేవు.) ఊళ్లో బిళ్లల పంపిణీ ఇంకా సాగాలా, ఆపవచ్చా అని తేల్చేటప్పుడు చూసే లెక్కల్లో ఆ స్లైడ్లదీ ఒకటి. ఆ లెక్క కట్టడానికి స్టాటిస్టిక్స్ తెలిసినవారు కావాలి. ఇంత జరిగాక కూడా, 'తర్వాత వేసుకుంటాలే' అన్న మనిషి చేత, 'పరగడుపున వద్దు, రెండు ముద్దలు తిను బాబాయ్' అంటూ కళ్లెదుటే మింగించే ఆశా కార్యకర్త లేకపోతే ఆ బిళ్ల కిటికీ గూట్లోనే ఉండిపోతుంది.

2021లో అనుబంధ ఆరోగ్య వృత్తులకు జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. చట్టం గుర్తించిన ల్యాబ్ టెక్నాలజీ లాంటి పనుల్ని ఇళ్లలో మనమింకా 'సీటు రాక చేరిన కోర్సు' అనే పిలుస్తున్నాం. ఇందులో పూర్వ విద్యార్థుల తప్పూ ఉంది: మనం ఏటా వచ్చి శాలువాలు కప్పించుకుని వెళ్తున్నామే గానీ, మన రోజు ఎలా గడుస్తుందో పిల్లలకు చెప్పడం లేదు.

భోజనాలయ్యాక బయోకెమిస్ట్రీ ల్యాబ్ తెరిచే ఉంటుంది. రాత్రి సర్వేలకు వెళ్లొచ్చినవారు, మందుల కంపెనీల్లో పనిచేస్తున్నవారు అక్కడ కూర్చుంటామని మాటిచ్చారు. పిల్లలూ, మొహమాటపడకండి, జీతమెంతో కూడా అడగండి.