రెండో ప్రశ్న

శ్రోతలకు నమస్కారం.

కొన్నేళ్ల కిందట నెల్లూరు జిల్లాలో ఒక మండల సర్వసభ్య సమావేశానికి వెళ్లాను. నాకక్కడ పనేమీ లేదు. బంధువు ఒకాయనకు ఏదో సంతకం కావాలంటే తోడు వెళ్లి, వెనక బల్ల మీద కూర్చున్నాను. కాలవల్లో పూడికతీత సంగతి వచ్చింది. ఒక సభ్యుడు లేచి "మా కాలవలో పూడిక తీశారా సార్?" అనడిగాడు. అధికారి కాగితం చూసి "తీశామండీ, బిల్లు కూడా అయిపోయింది" అన్నారు. మామూలుగా అయితే అక్కడితో సరి. ఈయన మాత్రం కూర్చోలేదు. "ఏ నెలలో తీశారు?" అన్నాడు. అధికారి మళ్లీ కాగితం చూసి నెల చెప్పారు.

"ఆ నెలలో కాలవ నిండా నీళ్లు పోతా ఉండాయి గదా సార్. మునిగి తీశారా?"

హాలంతా ఒకటే నవ్వు. అధికారి నవ్వలేదు. "విచారించి చెబుతాను" అన్నారు. ఏం విచారించారో నాకు తెలీదుగానీ, ఆ రెండో ప్రశ్న మాత్రం ఇప్పటికీ గుర్తుంది. శాసనసభలో అలాంటి దానికి ఒక పేరుంది, అనుబంధ ప్రశ్న.

సభలో పద్ధతి ఇలా ఉంటుంది. శాసనసభ్యుడు ప్రశ్నను ముందే రాసిస్తాడు. దానికి నక్షత్రం గుర్తు ఉంటే మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాలి. గుర్తు లేకపోతే జవాబు అచ్చులో వస్తుంది, అంతే. ప్రశ్నకు ఎ, బి, సి అని ముక్కలుంటాయి. ఫలానాది నిజమేనా? నిజమైతే ఎంత ఖర్చయింది? ఎప్పటికి పూర్తవుతుంది? జవాబులు కూడా ముక్కలుగానే వస్తాయి. అవునండి. లేదండి. పరిశీలనలో ఉంది. మొదటిదానికి లేదండి అని చెబితే మిగతా వాటికి "ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు" అని ఒక్క మాట. నాకీ మాటంటే భలే ఇష్టం. బజారు నుంచి కూరగాయలు తెచ్చారా, తెస్తే వంకాయలేవి అని ఇంట్లో అడిగినప్పుడు ఒకసారి వాడి చూశాను. పనిచెయ్యలేదు.

మొదటి జవాబు మంత్రిగారిది కాదు. శాఖలో గుమాస్తా దగ్గర మొదలై, పై అధికారులందరి చేతుల మీదుగా దిద్దుకుంటూ వచ్చిన కాగితం అది. అందులో తప్పులు దొరకవు. ఆ కాగితంలో లేనిది అడిగినప్పుడే అసలు సంగతి బయటికొస్తుంది. అందుకే నక్షత్రం గుర్తు కోసం సభ్యులు అంత పట్టుబడతారు. లేచి నిలబడి రెండో ప్రశ్న అడిగే అవకాశం దానితోనే వస్తుంది.

ఇక డబ్బు దగ్గరికి వద్దాం. 2025-26కు మన రాష్ట్ర బడ్జెట్ 3 లక్షల 22 వేల కోట్ల పైచిలుకు. ఇంత పెద్ద అంకె వింటే మనబోటి వాళ్లకు ఏమీ తోచదు. సభలో దాన్ని శాఖలవారీగా పద్దులుగా విడగొడతారు. రాజ్యాంగం 203వ అధికరణం ప్రకారం ఒక్కో పద్దుకూ శాసనసభ ఒప్పుకోవాలి. ప్రతిపక్షం చేతిలో అప్పుడుండే పనిముట్టు కోత తీర్మానం. ఒక శాఖ విధానమే నచ్చలేదంటే ఆ పద్దును ఒక్క రూపాయికి తగ్గించమని పెడతారు. ఫలానా సమస్య పట్టించుకోలేదని చెప్పదలిస్తే వంద రూపాయలు కొయ్యమంటారు. వేల కోట్ల పద్దులో వంద రూపాయలు! ఆ వంద వంకతో మన ఊరి చెరువు గట్టు సంగతి రికార్డుకెక్కుతుంది. కోత తీర్మానం నెగ్గడం జరగదనే అనుకోవచ్చు, మెజారిటీ ప్రభుత్వానిదే గనక. చర్చకు గడువు చాలకపోతే మాత్రం చివరి రోజు మిగిలిన పద్దులన్నీ మాటామంతీ లేకుండా ఒకేసారి ఓటుకు పెట్టేస్తారు. దాన్ని గిలటిన్ అంటారు. తల తీసే యంత్రం పేరు ఊరికే పెట్టలేదు.

పద్దు గురించి అడిగేవాళ్లు మూడు మాటలు విడివిడిగా పట్టుకోవాలి: కేటాయించారు, విడుదల చేశారు, ఖర్చు పెట్టారు. పెళ్లి చిట్టాలో భోజనాలకు రెండు లక్షలని రాసుకోవడం ఒకటి, బ్యాంకు నుంచి తేవడం ఒకటి, వంటవాళ్ల చేతిలో పెట్టడం ఒకటి. మంత్రులు ఎవరైనా, ఏ పార్టీ అయినా, మొదటి అంకె గట్టిగా చెబుతారు. మూడో అంకె అడిగితేగాని రాదు.

ఖర్చయిపోయాక లెక్క చూసేది కాగ్, అంటే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్. 151వ అధికరణం కింద ఆ నివేదికలు సభ ముందుకు వస్తాయి, అక్కణ్నుంచి ప్రజాపద్దుల సంఘానికి వెళతాయి. పీఏసీ అని పేపర్లో చూస్తూ ఉంటారు. లోక్‌సభలో 1967 నుంచి ఆ అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి ఇస్తున్నారు. మన రాష్ట్రంలో ఒక తమాషా జరిగింది. 2019కి ముందు పీఏసీ అధ్యక్షుడిగా ప్రభుత్వాన్ని లెక్కలడిగిన బుగ్గన రాజేంద్రనాథ్ ఆ ఎన్నికల తర్వాత ఆర్థిక మంత్రి అయ్యారు. అప్పుడు పీఏసీ కుర్చీలోకి వచ్చిన పయ్యావుల కేశవ్, 41 వేల కోట్ల చెల్లింపులకు సరైన పద్ధతి పాటించలేదని 2021లో గవర్నర్‌కు ఫిర్యాదు చేశారు. అవి లెక్కల సర్దుబాట్లేనని ప్రభుత్వం బదులిచ్చింది. 2024లో ఆ కేశవ్ గారే ఆర్థిక మంత్రి! వరసగా ఇద్దరు, అడిగే కుర్చీ నుంచి లేచి చెప్పే కుర్చీలో కూర్చున్నారు. అడిగేటప్పుడు తమకు దొరకని కాగితాలు, తమ చేతికి అధికారం వచ్చాక ఎదుటివాళ్లకు ఎంత సులువుగా ఇచ్చారన్నది ఎవరైనా కూర్చుని లెక్క తియ్యాలి.

ఖర్చు అంటున్నాం గానీ, విధానాన్ని నిలదీస్తే ప్రభుత్వాలే పడిపోతాయి. అది మన వైపువాళ్లకు కొత్త కాదు. ఒంగోలు ప్రాంతం బిడ్డ టంగుటూరి ప్రకాశం పంతులు 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. మద్యనిషేధం మీద రామమూర్తి కమిటీ ఇచ్చిన నివేదిక చుట్టూ గొడవ రేగింది. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చి ఒక్క ఓటుతో ప్రభుత్వం కూలిపోయింది. ఒకే ఒక్క ఓటు.

దాదాపు నలభై ఏళ్ల తర్వాత అదే మద్యం సంగతిని నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అడిగారు. 1992లో ఊళ్లో సారా కొట్టు ఎత్తెయ్యాలని కదిలారు. చూస్తుండగానే జిల్లా అంతా పాకింది, సారా వేలంపాటలు జరగనివ్వలేదు. సారా వేలమంటే ఖజానాకు రాబడి. బడ్జెట్‌లో ఒక పక్క ఆదాయంగా కనిపించే ఆ అంకె, ఇంట్లో కూలి డబ్బులు మాయమయ్యే లెక్క అని వాళ్లకు తెలుసు. అప్పటి ప్రతిపక్ష నాయకుడు ఎన్టీ రామారావు ఆ ప్రశ్నను అందుకున్నారు. 1993 అక్టోబరులో ప్రభుత్వం రాష్ట్రమంతా సారా ఆపేసింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సడలించారు. సడలించినప్పుడు చెప్పిన కారణాల్లో ఖజానా కూడా ఒకటి.

ఇంత చెప్పి, అడిగేవాళ్లు సభలో లేని సంగతి చెప్పకపోతే బాగోదు. 2017 చివర్లో అప్పటి ప్రతిపక్ష నాయకుడు జగన్‌మోహన్ రెడ్డి పార్టీ సభకు రావడం మానేసింది. 2021 నవంబరులో చంద్రబాబు నాయుడు మళ్లీ ముఖ్యమంత్రిగానే వస్తానని శపథం చేసి వెళ్లిపోయారు. 2024లో 175 స్థానాల్లో 11 మాత్రమే వచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్, ప్రతిపక్ష హోదా ఇవ్వాలని అడుగుతూ మళ్లీ దూరంగా ఉంటూ వచ్చింది. హోదాకు పదో వంతు బలం ఉండాలని అవతలివాళ్ల వాదన. 1994లో 294కు 26 వచ్చిన కాంగ్రెస్ నాయకుడు పి. జనార్దన రెడ్డిని ప్రతిపక్ష నాయకుడిగా గుర్తించారు గదా అని ఇవతలివాళ్ల మాట. రెండు వాదనలకూ బలముంది. నా మటుకు, మైకు ఇవ్వకపోయినా రాసిచ్చిన ప్రశ్నకు అచ్చులో జవాబు రాక తప్పదు గనక సభలో ఉండడమే మేలంటాను. శాసనమండలిలో ప్రతిపక్షం ఉంది, అడుగుతోంది. అయితే పద్దుల మీద ఓటు మండలికి లేదు. ద్రవ్యబిల్లును 14 రోజులకు మించి ఆపలేదు కూడా.

ప్రశ్న ఎలా ఉండాలో చూడ్డానికి మనమే ఒకటి తయారు చేద్దాం. వెలిగొండ ప్రాజెక్టు తీసుకోండి. యర్రగొండపాలెం కమ్యూనిస్టు శాసనసభ్యుడు పూల సుబ్బయ్య దానికోసం కొట్లాడారు, ఇప్పుడు ఆయన పేరే దానికుంది. 1996లో శంకుస్థాపన. శ్రీశైలం నీళ్లు నల్లమల కిందనుంచి తేవడానికి రెండు సొరంగాలు, ఒక్కోటీ 18 కిలోమీటర్లకు పైమాట. 2024 మార్చిలో ఆ సొరంగాలను ప్రారంభించినప్పుడు కూడా ఆ నీళ్లు నిలిపే నల్లమలసాగర్ జలాశయం ముంపు ఊళ్ల పునరావాసం మిగిలే ఉంది. "వెలిగొండ ఎప్పుడు పూర్తవుతుంది?" అనడిగితే "త్వరలో" అంటారు. మార్కాపురం వైపు పిల్లలు ఆ త్వరలో వింటూనే పెళ్లీడుకొచ్చారు. కాబట్టి ఇలా రాద్దాం.

ఎ: సుంకేసుల, కలనూతల, గుండంచర్ల నిర్వాసితులకు ఈ ఏడాది కేటాయించిన దాంట్లో ఇప్పటిదాకా విడుదలైంది ఎంత? బి: అందులో వాళ్ల బ్యాంకు ఖాతాల్లో పడింది ఎంత? సి: మిగిలింది ఏ నెలలో వేస్తారు?

కార్యాలయంలో ఎవరో ఒకరు భాష బాగు చేస్తామని ఆ చివరి ముక్కను "ఎప్పుడు వేస్తారు" అని దిద్దుతారు. దిద్దనివ్వకండి. ఏ నెలలో అనే ఉండాలి.

నమస్కారం.